మావాడు నీలం రిబ్బన్ గుంపులో

మావాడి స్కూలు వాళ్ళు పిల్లల్ని జూకి తీసుకెళ్తుంటే తోడుగా నేనూ వెళ్ళాను. ఐదుగురు పిల్లల చేతులకి ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి నాకు అప్పజెప్పింది టీచరు. అందులో మావాడు లేడు. అమ్మ పక్కనుంటే పిల్లలు ఇంకెవరి మాటా వినరని, వెంట వచ్చిన తల్లులకి వేరేవాళ్ళ పిల్లల్నే ఇస్తారట. సబబే. కానీ మా చిన్ను నీలం రిబ్బన్ కట్టుకుని ఇంకో ఆంటీ వెంట వెళ్ళిపోతుంటే గుండె కలుక్కుమంది. వెనక్కి తిరిగి చూడనుకూడా లేదు.

సోమవారం జూకి సెలవు కాబట్టి మంగళవారం పెట్టారు. అత్తాపూర్ నుంచి బహదూర్‌పురాకి ఎంతసేపు, పిల్లల పాటలు అయ్యేలోపే గేటు దగ్గరున్నాం. 1963లో తెరిచిన హైదరాబాద్ నెహ్రూ జూ ఇది. మీర్ ఆలం చెరువును ఆనుకుని 380 ఎకరాలు. ఐదేళ్ళ పిల్లలు ఇదంతా ఏం నడుస్తారు? మీరెవరైనా తీసుకెళ్తుంటే అన్నీ చూపించాలని పెట్టుకోకండి. నాలుగైదు చాలు, నిలబడి చూడనివ్వండి.

రాత్రిపూట తిరిగే జంతువులుండే నాక్టర్నల్ హౌస్‌లోకి అడుగుపెట్టగానే చీకటి. నా గుంపులో అందరికంటే చిన్నది, పొద్దుట్నుంచీ నోరు విప్పని పిల్ల, నా చున్నీ రెండు చేతులా పట్టేసుకుంది. "భయం లేదమ్మా, పగలు చీకటి చేసి, రాత్రి లైట్లు వేస్తారు. మనం వచ్చినప్పుడు అవి మేలుకుని ఉండాలి కదా" అన్నాను. అద్దం వెనకాల ఓ గబ్బిలం తలకిందులుగా వేలాడుతూ ఒక రెక్క మెల్లగా విప్పింది. పలచటి తోలు, మధ్యలో సన్నని వేళ్ళలాంటి ఎముకలు. మళ్ళీ ఒంటికి చుట్టేసుకుంది. "దుప్పటి కప్పుకుంది ఆంటీ" అంది ఆ పిల్ల. నేను విన్న మొదటి మాట అదే. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

సింహాలు నిద్రపోతున్నాయి, వాటి సంగతి అంతే.

పెద్ద తాబేళ్ళ దగ్గర ఆగినప్పుడు, 2024లో ఇక్కడే 125 ఏళ్ళ గాలపగోస్ తాబేలు చనిపోయిందని చెప్పాను. "మా తాత కంటే పెద్దదా?" అన్నాడొకడు. తాతకి తాత అంత అన్నాను. వాళ్ళు మాట్లాడుకుంటుంటే తలలు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

ఆ రెండు నిమిషాలూ నా చేతులు చల్లబడిపోయాయి. ఆయాకి పిల్లల్ని ఒప్పజెప్పి పరిగెత్తాను. తప్పిపోయిన పిల్లాడు చెట్టు మొదట్లో గొంతుక్కూచుని ఉడుతను చూస్తున్నాడు. అది వేరుశనక్కాయ పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఒలుస్తోంది. "ఆంటీ, ష్... పారిపోతుంది" అన్నాడు. తిట్టలేదు. పక్కన కూచుని, అది పైకి పాకేదాకా వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

భోజనాల దగ్గర బాక్సులు తెరిస్తే పులిహోర, పెరుగన్నం, ఒకరిదాంట్లో కిచిడీ, దాన్లోకి పుల్లటి ఖట్టా. ఆ ఖట్టా కోసం అందరూ వేళ్ళు చాచారు. అప్పుడు కనిపించాడు మావాడు, అవతలి చెట్టు కింద. పక్కనున్న పిల్లాడి బాక్సు మూత రాకపోతే రెండు మోకాళ్ళ మధ్య బిగించి తీసిచ్చాడు. ఇంట్లో ఆ మూత నేనే తియ్యాలి రోజూ. పిలుద్దామని నోటిదాకా వచ్చింది, ఊరుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సంతా నిద్రే. చున్నీ పట్టుకున్న పిల్ల నా చేతి మీద తలపెట్టి పడుకుంది. చెయ్యి తిమ్మిరెక్కినా కదపబుద్ధి కాలేదు. రెండు సీట్ల ముందు మా చిన్ను, వాళ్ళ ఆంటీ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆవిడ కొంగుతో వాడి చెమట తుడుస్తోంది.