కౌలు కార్డుకు ఒక సంతకం

2020 ఆరంభంలో కోడిమాంసం తింటే కరోనా సోకుతుందన్న పుకారు లేచింది. కోళ్ల ఫారాలు ఖాళీ కావడంతో దాణాకు మొక్కజొన్న అడిగేవాళ్లు లేకుండా పోయారు. విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు మేము కౌలుకు చేస్తున్న పొలంలో కండెలు విరిచే వేళకు లాక్‌డౌన్ వచ్చిపడింది. ఏటా కళ్లం దగ్గరికే వచ్చే వ్యాపారి ఫోను ఎత్తడం మానేశాడు.

ఆ కష్టంలో ప్రభుత్వం తరఫున పంట కొనే మార్క్‌ఫెడ్ కొనుగోలే దిక్కయింది. అప్పుడు మద్దతు ధర క్వింటాలుకు 1,760 రూపాయలు. గింజలు ఆరబెట్టింది, తేమ చూపించింది, బస్తాలు కాటా వేయించింది మేమే. ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు భూయజమాని పేరున ఉండడంతో డబ్బు మాత్రం ఆయన ఖాతాకు వెళ్లింది. కౌలు బాకీ మినహాయించుకుని మిగతాది మాకు పంపారు. ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన పీఎం కిసాన్ సాయం 2,000, మే 15న రాష్ట్రం ఇచ్చిన రైతు భరోసా సాయం కూడా పట్టా ఉన్న యజమానికే అందాయి. దున్నినవాడి పేరు ఏ కాగితం మీదా లేకపోతే ఎంత పెద్ద సాయం ప్రకటించినా అతని గడప తొక్కదు.

అప్పుడు మాకున్న దారి 2019 పంట సాగుదారు హక్కుల చట్టం. దాని కింద ఇచ్చే పత్రాన్ని ఊళ్లో కౌలు కార్డు అంటారు. అది ఉంటే భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు రైతు భరోసా ఏడాదికి 13,500 వచ్చేది. మిగతా కులాల కౌలుదారులను ఎందుకు వదిలేశారో నాకు నేటికీ మింగుడుపడదు. పంట నష్టం కులం చూసి రాదు కదా.

ఆ కార్డుకు అప్పట్లో యజమాని సంతకం తప్పనిసరి. ఆయన ఉండేది విశాఖలో. ఫోనులో అడగ్గానే, "రేపు నువ్వు ఈ భూమి నాదే అంటే నేనేం చేయను?" అన్నారు. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) దగ్గర ఫారం తీసుకుని, మళ్లీ ఫోను చేసి వరుసగా చదివి వినిపించాను. గడువు 11 నెలలే. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి మాత్రమే పనికొస్తుంది.

"భూమి లెక్కల అడంగల్‌లో నా పేరు చెక్కుచెదరదు కదా?"

"చెదరదు బాబూ. వీఆర్వో గారు ఇక్కడే ఉన్నారు, మీరే అడగండి" అని ఫోను ఆయన చేతికిచ్చాను. అవతల యజమాని పక్కనుంచి వింటున్న అమ్మగారు, "పదకొండు నెలలకే కదండీ, పెట్టేయండి" అనడం నాకు వినిపించింది.

బస్సులు మళ్లీ తిరగడం మొదలవగానే విశాఖ వెళ్లాను. వరండాలో దూరంగా కుర్చీ వేశారు. ఆయన పాసుపుస్తకం తెచ్చుకుని, ఫారంలోని సర్వే నంబరు నన్ను పైకి చదవమన్నారు. ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకుంటూ విస్తీర్ణం దగ్గర ఆగారు. సెంట్లు కూడా సరిపోయాయని తేలాకే కలం తీశారు. అలా చూసుకోవడం ఆయన హక్కు. నాకు కోపం రాలేదు.

గ్రామ సచివాలయంలో కార్డు చేతికందింది. అక్టోబరులో రైతు భరోసా మే, అక్టోబరు విడతలు రెండూ కలిపి 11,500 పడ్డాయి. ఎరువుల బాకీ తీర్చాను. ఆ తర్వాతి పంటకు ఈ-పంట నమోదు నా పేరునే చేయించాను. కార్డు చేతిలో ఉన్నా, ఇది విత్తగానే అడిగి చేయించుకోవలసిన పని.

మా పక్క పొలం కౌలుదారుకు ఆయన యజమాని సంతకం పెట్టలేదు. ఆ ఫారం నేనే తీసుకెళ్లి, అదే విధంగా చదివి వినిపించాను. ఆలోచించి చెబుతానన్నారు.