దయ్యం కాళ్లు ఎటు తిరిగి ఉంటాయి?

2024లో దీపావళి, ఇక్కడ అమెరికాలో దయ్యాల వేషాలేసుకునే హాలోవీన్ పండగ ఒకే రోజు వచ్చాయి. అక్టోబరు 31, గురువారం. క్యాలెండర్‌లో అది చూసుకున్నప్పుడే నాకు టెన్షన్ మొదలైంది. మా డాలస్ వైపు ఆ రోజుల్లో పొద్దు గూకేది సాయంత్రం ఆరున్నర దాటాక. లక్ష్మీపూజకీ అదే వేళ, పిల్లలు వేషాలేసుకుని బుట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదీ అదే వేళ. దానికి తోడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది.

పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ హాలోవీన్‌తో నాదొక సర్దుబాటు. వేషాలు కొనిస్తాను, గుమ్మంలోకొచ్చిన పిల్లలకి చాక్లెట్లు పంచుతాను, అంతే. వాకిట్లో పుర్రెలు, సమాధిరాళ్లు పెట్టనివ్వను. ఎందుకని అడిగితే "అది మన పండగ కాదు" అనేదాన్ని. పైకి అలా అన్నా లోపల భయం వేరే. వీళ్ల పండగకి చాక్లెట్లు, వేషాలు, అర్ధరాత్రి దాకా ఆటలు. మన పండగకి పట్టుపరికిణీ గుచ్చుకోవడం, ఫొటోలకి నిలబడటం. రెండూ పక్కపక్కన పెడితే పిల్లలు ఎటు మొగ్గుతారో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు.

పండగ ముందు శనివారం అమ్మ పొద్దున్నే చీపురుకి కర్ర కట్టి ఇల్లంతా బూజు దులుపుతోంది. కిటికీలోంచి చూస్తే ఎదురింటాయన నిచ్చెనేసుకుని చూరుకి బూజు కడుతున్నాడు. ప్యాకెట్లో వస్తుంది, దూదిలా తెల్లగా ఉంటుంది, మధ్యలో అరచేయంత ప్లాస్టిక్ సాలీడు.

"డబ్బులు పెట్టి కొన్నాడా?" అంది అమ్మ.

అవునన్నాను.

"మనింట్లోది ఇచ్చేదాన్ని కదే."

ఆయన గుమ్మం ముందు కళ్లూ కోరలూ చెక్కిపెట్టిన గుమ్మడికాయ మాత్రం ఆవిడకి వింతగా అనిపించలేదు. "దిష్టికి పెట్టుకున్నారు, మంచిదే" అని మళ్లీ బూజు పనిలో పడింది.

ఆ మధ్యాహ్నమే మా పెద్దదానికి, తొమ్మిదేళ్లది, క్లాసుకి దయ్యాల కుకీలు తీసుకెళ్లాలని బుద్ధి పుట్టింది. ముప్ఫై ఆరు కావాలంది. లెక్క ఎక్కడిదో నేను అడగలేదు. అమ్మ ఇంట్లో ఉంది కాబట్టి గుడ్డు లేకుండా చేయాలి. రెండు స్టిక్స్ బటర్, అంటే పావుకిలోకి కాస్త తక్కువ. కప్పు పంచదార. రెండూ నురగలా అయ్యేదాకా గిలక్కొట్టి, గుడ్డుకి బదులు పావు కప్పు పెరుగు, మూడు కప్పుల మైదా, చిటికెడు ఉప్పు, కాస్త వెనిల్లా. బేకింగ్ పౌడర్ వేయకూడదు. వేస్తే పిండి పొంగి ఆకారం చెడుతుంది. ముద్ద పట్టుకుని చూసి "చలిమిడిలా ఉంది" అంది అమ్మ. తెనాలిలో మా చిన్నప్పుడు మైదా, పంచదార, డాల్డా డబ్బాల్లో పెట్టుకుని బేకరీకి పట్టుకెళ్లి ఇస్తే బిస్కెట్లు చేసిచ్చేవాళ్లు. ఒకసారి మావాటికి బదులు ఇంకెవరివో వచ్చాయనీ, వాళ్లు డాల్డా తక్కువ వేశారనీ ఇన్నేళ్ల తర్వాత అప్పుడు చెప్పింది. కోపం ఇంకా తగ్గినట్టు లేదు.

ముద్దని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పిల్లలు ఆగలేదు, నేనూ ఆగలేదు. మొదటి ట్రే ఓవెన్‌లో పెట్టిన అయిదు నిమిషాలకే దయ్యాలన్నీ ఒళ్లు విరుచుకుని ఒకదానిమీదొకటి పడి పడుకున్నాయి. తీశాక చూస్తే అన్నీ కలిసి ఒకే పెద్ద రొట్టె. చిన్నాడు దానికి "దయ్యాల అమ్మ" అని పేరు పెట్టి ఓ పక్క విరుచుకుని తినేశాడు. రెండో విడతకి బుద్ధి తెచ్చుకున్నాం. పావంగుళం మందాన ఒత్తి, కోసినవాటిని కూడా ట్రేతో సహా ఇంకాసేపు చల్లబెట్టి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పదినిమిషాలు. అంచు బంగారు రంగుకి తిరుగుతుండగానే తీసేయాలి. దయ్యం అచ్చు మా ఇంట్లో లేదు. తులిప్ పువ్వు అచ్చుని తలకిందులు చేస్తే అచ్చం ముసుగు దయ్యం. ఈ కిటుకు తెలిసినవాళ్లు వేరే అచ్చు కొనరు.

ఐసింగ్, అంటే కుకీల మీద పోసే పంచదార పూత, దాని దగ్గర ఇంకో చిక్కు. మెరింగ్ పౌడర్ డబ్బా అప్పటికే కొనిపెట్టాను. వెనక చూస్తే అది ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన. పక్కన పెట్టి పొడి పంచదార, పాలు, కాస్త కార్న్ సిరప్ కలుపుకున్నాం. అతికించే చక్కెర కళ్ల ప్యాకెట్ మీద "కన్ఫెక్షనర్స్ గ్లేజ్" అని ఉంది. అంటే లక్క. మన ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే పూతా ఇదీ ఒకే పురుగు పుణ్యమే. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. కళ్లు మాత్రం చాక్లెట్ చుక్కలతో పెట్టించాను.

ఐసింగ్ చెంచాతో గీస్తే ఆ గీత పది, పదిహేను సెకన్లలో పూడిపోవాలి. అప్పుడే కుకీ మీద నున్నగా పరుచుకుంటుంది. కోన్ చేతికిచ్చేసరికి అమ్మ "గోరింటాకు కోనే కదా" అని తీసుకుంది. గుండ్రటి కుకీ మీద తెల్లగా పోసి, తడి ఆరకుండానే నల్లటి వలయాలు నాలుగు చుట్టి, పళ్లపుల్లతో మధ్యలోంచి బయటికి ఎనిమిది గీతలు లాగింది. సాలెగూడు. యాభై ఏళ్లుగా వాకిట్లో మెలికల ముగ్గులు పెట్టిన చెయ్యి, ఎక్కడా వణకలేదు. నా సాలెగూళ్లు టైరు కింద పడినట్టున్నాయి.

అప్పుడడిగింది పెద్దది: "అమ్మమ్మా, ఇండియాలో దయ్యాలు ఎలా ఉంటాయి?"

"అలాంటివేం ఉండవు" అన్నాను నేను, అమ్మ నోరు తెరవకముందే.

అమ్మ నా వంక ఓ చూపు చూసింది. తర్వాత కోన్ కింద పెట్టి తీరిగ్గా మొదలుపెట్టింది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు. చింతచెట్టు మీద కాపురం. అన్నిటికన్నా ముఖ్యం, కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి. పొలాల్లో రాత్రిపూట నిప్పు పట్టుకు తిరిగే కొరివి దయ్యం. మర్రిచెట్టు మీద బ్రహ్మరాక్షసుడు, చదువుకున్నవాడే కానీ బుద్ధి లేనివాడు. పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఆదివారం తెలుగు బడిలో ఇలా విన్న పాపాన పోలేదు.

"ఇక్కడి దయ్యాలకి అసలు కాళ్లే ఉండవు" అంది పెద్దది, మా ముసుగు దయ్యాల్ని చూపిస్తూ. తర్వాత చాలాసేపు ఆలోచనలో పడింది. కాళ్లు వెనక్కి తిరిగి ఉంటే ముందునుంచి చూసినప్పుడు కనపడేది మడమలేగా. దయ్యం అడుగున రెండు గుండ్రటి మడమలు పెట్టింది. ఆరేదాకా కాచుకుని, కుకీని జాగ్రత్తగా తిరగేసి, వెనకవైపు ఐదేసి చుక్కలు పెట్టింది. అవి వేళ్లు. తిరగేస్తే తప్ప ఎవరికీ కనపడవు. నాకు దాన్ని చూస్తుంటే ఏదో అయింది.

శ్లోకాలు నేర్పించాను, కూచిపూడికి పంపించాను, గుణింతాలు రాయించాను. మన దగ్గరున్నవాటిలో శుభ్రంగా ఇస్త్రీ చేసినవి మాత్రమే ఏరి ఏరి ఇచ్చాను. దయ్యాలు మూఢనమ్మకమని, అసహ్యమని, వాళ్ల స్నేహితుల ముందు నవ్వులాటవుతుందని దాచిపెట్టాను. అది అడిగింది మాత్రం సరిగ్గా వాటినే.

పిల్లలకి ఎక్కువ నచ్చింది "ఓ స్త్రీ రేపు రా" కథ. మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి తలుపులన్నిటి మీదా బొగ్గుతోనో సుద్దముక్కతోనో రాసి ఉండేది. రాత్రి ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుంది, అది చదువుకుని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుంది. "తనకి తెలుగు చదవడం వచ్చా?" అని చిన్నాడి అనుమానం. "నీకన్నా బాగా వచ్చు" అంది అక్క.

సమాధిరాయి ఆకారంలో కోసిన కుకీని అమ్మ తలుపు అని తేల్చింది. దానికి గోధుమరంగు పోశాక పెద్దది నల్ల కోన్ తీసుకుంది. "రేపు రా" ఇట్టే వచ్చేసింది. "స్త్రీ" దగ్గర ఆగిపోయింది. సకి గుడిదీర్ఘం, కింద తవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. ఐసింగ్‌తో అంత ఇరుకులో రాస్తే అంతా కలిసి ముద్దయిపోతోంది. రెండు కుకీలు పాడుచేసి, మూడోదాని మీద అక్షరాన్ని కుకీ సగానికి పెంచి రాసింది. తెలుగు బడిలో ఏ హోంవర్కూ అది మూడుసార్లు రాయలేదు.

ఆ రాత్రి చిన్నాడు మా ఇద్దరి మధ్యకి వచ్చి పడుకున్నాడు. పొద్దున్నే అమ్మ మీద విసుక్కున్నాను. "నువ్వు పదేళ్లొచ్చేదాకా మా మధ్యనే పడుకున్నావు" అంది ఆవిడ, కాఫీ తాగుతూ.

ఇంతా చేస్తే, మంగళవారం తెలిసింది బడిలో ఇంటి వంటలు తేకూడదని. దుకాణంలో కొన్నవే, మూత తీయనివే, ఏమేం వేశారో లేబుల్ ఉన్నవే తేవాలట. ఆ మెయిల్ సెప్టెంబరులోనే వచ్చింది, నేనే చూడలేదు. ఎలర్జీల భయం, తప్పు పట్టడానికి లేదు. మా వీధిలో రెండిళ్ల ముందు నెమలికంఠం రంగు గుమ్మడికాయ ఉంటుంది. తినేవి పడని పిల్లలకి ఇక్కడ చిన్న బొమ్మలో పెన్సిళ్లో ఇస్తామని దానర్థం. 2014 నుంచి దేశమంతా పాకిన పద్ధతి. వేషాలేసుకొచ్చే పిల్లలకీ ఇంట్లో చేసినవి పెట్టకూడదు, వాళ్ల అమ్మానాన్నలు పారేస్తారు. పెద్దది కాసేపు ఏడ్చింది.

గురువారం సాయంత్రం అమ్మ పూజ దగ్గర గవ్వల పళ్లెం పక్కనే కుకీల పళ్లెం పెట్టింది. నేను గతుక్కుమన్నాను. పండగ పూట, పైగా అమావాస్య, దయ్యాలకి పిండివంటలేంటని నాలుగు రోజుల ముందు అడిగింది ఆవిడే. ఆ రోజు నేను చెప్పాను: ఇంగ్లండ్‌లో పూర్వం నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పేరు మీద చిన్న కేకులు చేసి, గుమ్మంలోకి వచ్చినవాళ్లకి పెట్టేవాళ్లనీ, తిన్నవాళ్లు ఆ ఇంటి పెద్దల కోసం ప్రార్థన చేసేవాళ్లనీ. ఆమె అప్పుడేమీ మాట్లాడలేదు. ఇప్పుడు హారతి వెలిగిస్తూ "పెద్దలకి పెట్టుకోవడమేగా" అంది. దీపావళి రాత్రి మన వాళ్లు గోగుకర్రలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని నేలకి కొట్టేది కూడా పితృదేవతలకి దారి చూపించడానికే అని మా నాన్నమ్మ చెప్పేది. ఇన్నేళ్లూ నాకది గుర్తు రాలేదు.

ఏడింటికి పిల్లలు పట్టుబట్టల మీదే మంత్రగత్తె టోపీ, సూపర్‌మ్యాన్ కండువా తగిలించుకుని వీధిన పడ్డారు. గుమ్మం మెట్ల మీద ప్రమిదలు చూసి వచ్చిన పిల్లలు "కూల్ డెకరేషన్" అని వెళ్లారు. పడుకునే ముందు పెద్దది "ఓ స్త్రీ రేపు రా" కుకీని చిన్న పళ్లెంలో పెట్టి తలుపు బయట ప్రమిద పక్కన ఉంచింది.

పొద్దున లేచి చూస్తే పళ్లెం ఖాళీ. చుట్టూ గోధుమరంగు పొడి, ఒక "పు" ముక్క. కంచె మీద మా ఉడత మూతి తుడుచుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే పెద్దది లోపలికి పరిగెత్తింది.

"అమ్మమ్మా! రేపు రమ్మన్నాం కదా, వచ్చింది! తినేసి వెళ్లింది!"

అమ్మ దోసె తిరగేస్తూ, "మరి ఇవాళ్టికి ఇంకోటి రాసి పెట్టు" అంది.