బిట్రగుంట దాటేలోగా ఒక ఎత్తు

2022లో నెల్లూరులో ఆడిన నా మొదటి రేటింగ్ టోర్నమెంటులో పదకొండేళ్ల పిల్లవాడి చేతిలో ఓడిపోయాను. అప్పటికి నా వయసు ముప్పై ఎనిమిది. ఆట చివర అతనికి ఒక ఏనుగూ, బల్ల నడుమ ఒక బంటూ మిగిలాయి. నాకు ఏనుగొక్కటే మిగిలింది, అయితే నా రాజు ఆ బంటుకు ఎదురుగానే నిలిచి ఉన్నాడు. బంటు ఎక్కడ దాటిపోతుందోనన్న భయంతో నా ఏనుగును తెచ్చి రాజు పక్కన చివరి వరుసలో కాపలా పెట్టాను. పిల్లవాడు తన రాజునూ బంటునూ నింపాదిగా ముందుకు నడిపి, ఇరవై ఎత్తుల లోపే ఆట ముగించాడు. చేయి కలిపిన తరువాత, జాలిపడుతూనే, "అంకుల్, ఇది డ్రా ఆట. రూకును మూడో వరసలో పెట్టేసుంటే సరిపొయ్యేది" అన్నాడు.

ఇంట్లో మా నాయన నేర్పిన చదరంగంలో అది ఏనుగు. టోర్నమెంటు పిల్లలకు అది రూకు. పేరు ఏదైనా, దానిని ఎక్కడ నిలపాలో నాకు తెలియదన్నది ఆ రోజు తేలిపోయింది. ఆ పిల్లవాడు చెప్పినది ఫిలిడోర్ స్థితి. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడూ సంగీతకర్తా అయిన ఫిలిడోర్ పేరుతో దానిని పిలుస్తారు. కాపాడుకునేవాడు తన వైపు నుంచి మూడో వరుసలో ఏనుగును ఉంచి, ఎదుటి రాజు ఆ వరుసలోకి అడుగుపెట్టకుండా అడ్డుకోవాలి. విసిగిపోయి అవతలివాడు బంటును ఆ వరుసలోకి తోసిన మరుక్షణం ఏనుగును బల్ల అవతలి అంచుకు పంపి, వెనుక నుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. అప్పుడు ఆ రాజు దాక్కోవడానికి ముందున్న బంటు చాటు కూడా ఉండదు, ఎందుకంటే అతను నిలవవలసిన గడిలోకి బంటే వెళ్లిపోయింది. ఇంత చిన్న విషయం తెలియకుండా నేను సిసిలియన్ డిఫెన్సు అనే ఆట ఆరంభంలో పదిహేను ఎత్తులు బట్టీపట్టి బల్ల ముందు కూర్చున్నాను.

నేను కావలిలో ఉంటూ రోజూ రైలులో నెల్లూరుకు వెళ్లి ఉద్యోగం చేస్తాను. ఉన్న తీరిక అంతా ఆ ప్రయాణమే కనుక చదువును దానికే అమర్చుకున్నాను. జేబులో పట్టే అయస్కాంతపు బల్ల, రెండు వందల పేజీల నోటు పుస్తకం, దిగ్గజాల ఆటలు అచ్చువేసుకున్న కాగితాలు, వాటిపై కప్పడానికి పాత పెళ్లి శుభలేఖ ఒకటి. ఆటలో కీలకమైన చోట ఆపి, తరువాతి ఎత్తును శుభలేఖతో కప్పేసి, నేనైతే ఏమి ఆడతానో కారణంతో సహా బిట్రగుంట దాటేలోగా రాయాలి. పడుగుపాడు వచ్చిన తరువాతే శుభలేఖ తీయాలి. పెన్న వంతెన మీద రైలు నెమ్మదించే కాస్సేపట్లో, నాకూ ఆ దిగ్గజానికీ తేడా ఎక్కడ వచ్చిందో ఒక వాక్యంలో రాయాలి. ఎత్తులు సరిచూసే ఫోనులోని చదరంగపు ఇంజను రాత్రికి మాత్రమే. మొదటి వారంలోనే ఎదుటి సీటులోని పెద్దాయన, "ఏంది సార్, ఒక్కరే ఆడుకుంటా ఉండారు? రెండో ఆయన దిగిపొయ్యాడా?" అని అడిగారు. రెండో ఆయన ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నా నోటు పుస్తకంలో ఎక్కువ పేజీలు ఆక్రమించినది 1924లో న్యూయార్కులో కాపబ్లాంకా తెల్లపావులతో టార్టకోవర్‌పై గెలిచిన ఆట. 35వ ఎత్తు దగ్గర నల్ల ఏనుగు సి3 గడిలోని తెల్ల బంటు మీద గురిపెట్టి ఉంటుంది. నేను రాజును ఆ బంటు వైపు నడిపిస్తానని రాశాను. శుభలేఖ తీసి చూస్తే ఆయన రాజు అటు కాక, సరిగ్గా వ్యతిరేక దిశలో జీ3కి వెళ్లాడు! బంటు పోయింది, చెక్ కూడా పడింది. రెండు ఎత్తుల తరువాత ఎఫ్4 బంటు కూడా చెక్‌తోనే పోయింది. ఈలోగా రాజు హెచ్4, జీ5 మీదుగా నడిచి ఎఫ్6లో నిలబడ్డాడు. నోటిదాకా వచ్చిన ఎఫ్5 నల్ల బంటును చంపలేదు. నాకు రెండు రోజులు పట్టింది దాని భావం అందడానికి: ఆ శత్రు బంటే వెనుక నుంచి వచ్చే చెక్‌లకు ఆయన రాజుకు గొడుగు. ఎఫ్6లో రాజు, జీ6లో బంటు, హెచ్7లో ఏనుగు. నల్ల రాజుకు తరువాతి ఎత్తులోనే మాట్, అంటే ఆటకట్టు భయం. సి3 బంటును నేను రాసిన ఎత్తుతోనే కాదు, ఏ ఎత్తుతోనూ కాపాడలేమన్నది మూడో రోజు తెలిసింది. లెక్క చూడకుండా, పోతున్న వస్తువు వెంట పరుగెత్తడం నా అలవాటు అని పెన్న వంతెన మీద రాసుకున్నాను. ఆ వాక్యాన్ని తరువాత కనీసం ముప్పై ఆటల కింద మళ్లీ రాయవలసి వచ్చింది.

ఫలితాలు వెంటనే రాలేదు. నిజానికి మొదటి ఏడాది ఇంకా నెమ్మదిగా ఆలోచించి గడియారం చేతిలోనే ఎక్కువ ఆటలు ఓడిపోయాను. 2024 మార్చిలో మాత్రం నా రేటింగ్ 1250 నుంచి 1550కి ఎగబాకింది. ఆ నెల నేను ఒక్క ఆటా ఆడలేదు. 2000కు తక్కువ ఉన్న వారందరికీ, ఆ సంఖ్యకు ఎంత తక్కువ ఉన్నారో అందులో నలభై శాతం కలుపుతూ అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఒకసారి సవరించింది. ఆఫీసులో టీ ఇప్పించమన్నారు. ఇప్పించాను.

2025లో ఒంగోలులో ఆడుతుండగా మూడో రౌండులో మళ్లీ అదే స్థితి వచ్చింది, ఈసారి ఎదురుగా ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. ఏనుగును మూడో వరుసలో పెట్టి చేతులు బల్ల కిందికి దించుకున్నాను, వణుకు కనిపించకుండా. ఆమె ముప్పై ఎత్తులకు పైగా తన ఏనుగును అటూ ఇటూ తిప్పి చూసి, చివరకు బంటును తోసింది. నా ఏనుగు బల్ల అవతలి అంచుకు వెళ్లింది. చెక్, మళ్లీ చెక్, మళ్లీ చెక్. ఆమె తల ఎత్తి, "డ్రా తీసుకుంటారా సార్?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం తరువాతి రౌండులో పద్నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఊరికే పోగొట్టుకుని ఓడిపోయాను. ఆ స్కోరు షీటును కూడా నోటు పుస్తకంలో అంటించి, పద్నాలుగో ఎత్తు మీద శుభలేఖ కప్పాను. సోమవారం బిట్రగుంట దాటేలోగా మూడు ఎత్తులు రాసి మూడూ కొట్టేశాను.