ఫోన్‌లో 975 కనిపిస్తే తుఫాను వస్తున్నట్టా?

బారోమీటర్ యాప్ తెరిచారు, 975 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) అని చూపించింది. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక పీడనం 1013.25 అని బడిలో చదివిందే కాబట్టి ఇదేదో పెద్ద వాయుగుండం అనిపిస్తుంది. చాలాసార్లు అదేం కాదు. మీరున్న చోటు సముద్ర మట్టానికి 300 మీటర్లు పైన ఉంది, అంతే.

పీడనమంటే మన నెత్తి మీదున్న గాలి బరువు. సముద్ర మట్టం దగ్గర ఒక చదరపు మీటరు మీద నిలబడ్డ గాలి సుమారు 10,300 కిలోలు తూగుతుంది. పైకి ఎక్కేకొద్దీ అందులో కొంత కాళ్ల కిందికి పోతుంది, మోయాల్సిన బరువు తగ్గుతుంది. దాదాపు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తుకు చేరితే సగమే మిగులుతుంది. 1648 సెప్టెంబరు 19న ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ బావ ఫ్లోరిన్ పెరియే పాదరసం గొట్టంతో ఫ్రాన్సులోని ప్యూయ్ ద డోమ్ కొండెక్కి దీన్ని రుజువు చేశాడు. అలాంటిదే మరో గొట్టాన్ని కొండ కింద ఉంచి, రోజంతా దాన్ని చూస్తూ ఉండమని ఒకరిని కాపలా పెట్టి మరీ వెళ్లాడు. కిందిది కదల్లేదు, పైనున్నది దిగింది. కాబట్టి మార్పు ఎత్తు వల్లే వచ్చిందని తేలింది. ఇప్పుడు యాప్ అంకె చూసి కంగారు పడేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఆ కింది గొట్టాన్నే.

అందుకే మొదట ఎత్తు సవరణ చేయాలి. కొన్ని వందల మీటర్ల ఎత్తు వరకు లెక్క సులువు: మీ ఎత్తును మీటర్లలో తీసుకుని, బయట 0 డిగ్రీలుంటే 8తో, 15 డిగ్రీలుంటే 8.5తో, 30 డిగ్రీలుంటే 9తో భాగించండి. వచ్చినదాన్ని ఫోన్ అంకెకు కలపండి. 300 మీటర్ల ఎత్తు, 30 డిగ్రీల ఎండ అయితే 33 కలుస్తుంది, 975 కాస్తా 1008 అవుతుంది. వేడిగాలి పల్చన కాబట్టి అదే ఎత్తుకు తక్కువ కలుపుతున్నాం. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఫోన్ జీపీఎస్ చెప్పే ఎత్తులో 30 మీటర్ల తేడా ఉంటే సవరణలో మూడున్నర హెక్టోపాస్కల్స్ తప్పు దొర్లుతుంది, అందుకే ఎత్తును మంచి మ్యాపు నుంచి తీసుకోండి. రెండోది, వాతావరణ కేంద్రాలు ప్రకటించే అంకెలో మామూలుగా ఈ సవరణ ముందే జరిగి ఉంటుంది. దానికి మళ్లీ కలపకూడదు.

గోడకు తగిలించే అనరాయిడ్ బారోమీటర్ అయితే, గాలి నెమ్మదిగా ఉన్న రోజున దగ్గరి కేంద్రం చెప్పిన అంకెకు వెనకున్న స్క్రూతో ముల్లును కలిపితే చాలు. చూసే ముందు అద్దం మీద వేలితో మెల్లగా తట్టండి, ముల్లు ఎక్కడైనా పట్టేసి ఉంటే వదులుతుంది. థర్మామీటర్‌లా దీన్ని ఆరుబయట పెట్టక్కర్లేదు, ఇంట్లోనూ బయటా పీడనం దాదాపు ఒకటే. ఎండ మాత్రం తగలకూడదు.

ఉష్ణమండలంలో ఇంకో చిక్కుంది. పీడనం రోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది: ఉదయం 10, రాత్రి 10 ప్రాంతాల్లో ఎక్కువ, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతాల్లో తక్కువ. పై వాతావరణంలోని ఓజోన్‌ను, కింది నీటి ఆవిరిని సూర్యుడు వేడెక్కించడం వల్ల పుట్టే అల ఇది. తేడా సుమారు 3 హెక్టోపాస్కల్స్ ఉంటుంది. ఉదయం చూసి, సాయంత్రం మళ్లీ చూసి "పడిపోతోంది" అనుకుంటే ప్రతిరోజూ తుఫానే! నిన్న ఇదే గంటకు ఎంతుందో, దానితో పోల్చాలి. ఆ కాలానికి, ఆ వేళకు ఉండాల్సిన సగటు కన్నా 3 తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే దగ్గర్లో తుఫాను ఉన్నట్టే లెక్క. ఉష్ణమండల సముద్రాల్లో నావికులు పాటించే కొలత ఇదే.

ఇంత చిన్న తేడాకు అంత భయమెందుకు? గాలి అధిక పీడనం నుంచి అల్పపీడనానికి వీస్తుందన్న పాఠం సగమే నిజం. భూమి తిరుగుతోంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో గాలి కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు ఒరుగుతుంది. పైన, నేల రాపిడి లేనిచోట, అది దాదాపు సమభార రేఖల (ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీతల) వెంటే పోతుంది. ఈ ఒరుగుడు భూమధ్యరేఖ వద్ద సున్నా, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. 200 కిలోమీటర్లకు 4 హెక్టోపాస్కల్స్ తేడా ఉందనుకోండి. 45 డిగ్రీల అక్షాంశంలో ఆ తేడా తోపుకు ఒరుగుడు సరితూగడానికి సెకనుకు 16 మీటర్ల గాలి సరిపోతుంది. 15 డిగ్రీల దగ్గర ఒరుగుడు బలహీనం కాబట్టి అదే తేడాకు లెక్క ప్రకారం సెకనుకు 44 మీటర్లు కావాలి. రేఖలు వంపు తిరిగి, రాపిడి కూడా కలిసినచోట ఇంత రాదు. అయినా భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో 3 హెక్టోపాస్కల్స్‌ను తేలిగ్గా తీసుకోకూడదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

నేలకు దగ్గరగా రాపిడి గాలిని నెమ్మదింపజేస్తుంది. అది సమభార రేఖలను కోసుకుంటూ అల్పపీడనం వైపు కొంత తిరుగుతుంది. సముద్రం మీద ఈ కోణం 10 నుంచి 20 డిగ్రీలు, గరుకు నేల మీద 30 వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఇక్కడే పనికొస్తుంది: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. భవనాల మధ్య, లోయల్లో, మధ్యాహ్నం సముద్రపు గాలి తోలేటప్పుడు ఇది నమ్మదగినది కాదు. మైదానంలో చూడండి, లేదా తక్కువ ఎత్తు మబ్బులు కదిలే దిక్కు చూడండి.

పీడనం, గాలి దిక్కు రెండూ గంటకోసారి రాసుకుంటే తుఫాను దారి కూడా తెలుస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఒకేచోట ఉండి చూస్తున్నప్పుడు గాలి దిక్కు గడియారపు ముల్లులా తిరుగుతుంటే మీరు తుఫాను దారికి కుడి పక్కన, ఎదురు తిరుగుతుంటే ఎడమ పక్కన ఉన్నట్టు. దిక్కు మారకుండా గాలి బలపడుతూ పీడనం దిగుతూనే ఉంటే, దాని కేంద్రం నేరుగా మీ మీదికే వస్తోంది.