చీమకుర్తి రూటర్‌లో తిరగబడ్డ మాస్క్

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి పాత సిస్కో రూటర్ తీసేసి ఏఎస్ఏ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చేపోయే డేటాని కాపలా కాసే సిస్కో పరికరం) పెట్టే పని నాకొచ్చింది. రూల్స్ అవే, రాసే తీరే వేరు. ఏ అడ్రస్‌లని ఆపాలో, ఏవి పోనివ్వాలో రాసే పట్టీ యాక్సెస్ లిస్టు. ఒక లైను ఏయే అడ్రస్‌లకి వర్తిస్తుందో చెప్పడానికి రూటర్ యాక్సెస్ లిస్టులో వైల్డ్‌కార్డ్ మాస్క్ రాస్తారు, ఏఎస్ఏలో సబ్‌నెట్ మాస్క్.

పాత కాన్ఫిగ్ చదువుతుంటే ఒక లైను దగ్గర అనుమానం వచ్చింది. సీసీ కెమెరాలన్నీ 192.168.20.0 నెట్‌వర్క్‌లో ఉన్నాయి. అవి ఇంటర్నెట్‌కి పోకుండా ఒక డినై (ఆపే) రూల్, దాని కింద అందరికీ పర్మిట్ (పోనిచ్చే రూల్). కానీ డినై లైనులో రూటర్ చూపించేది 0.0.0.0 255.255.255.0. ఒంగోలులో ఉండే మా సీనియర్‌కి ఫోన్ చేశాను. "అబ్బయ్యా, ముందు ఆ లైనుకి మ్యాచ్‌లు ఎన్ని పడ్డాయో చూడు" అన్నాడు. ఒక్కటీ పడలేదు, అంటే ఆ లైను ఇంతవరకు దేన్నీ ఆపలేదు.

అడ్రస్‌లో చుక్కల మధ్య ఉన్న ఒక్కో సంఖ్య లోపల ఎనిమిది బిట్లు, అంటే 0లు, 1లు; 255 అంటే అన్నీ 1లే. వైల్డ్‌కార్డ్‌లో బిట్ 0 ఉన్నచోట అడ్రస్ కచ్చితంగా కలవాలి, 1 ఉన్నచోట ఏదున్నా సరే. సబ్‌నెట్ మాస్క్‌లో 1లు ఉన్నది నెట్‌వర్క్ భాగం. అంతకుముందు పనిచేసినవాళ్లు 0.0.0.255 బదులు 255.255.255.0 కొట్టారు. రూటర్ ఎర్రర్ చెప్పదు, తీసుకుంటుంది; ఏదున్నా సరే అన్న చోట్ల అడ్రస్‌ని 0 చేసేస్తుంది, అందుకే 192.168.20.0 కాస్తా 0.0.0.0గా కనబడింది. ఇక మొదటి మూడు సంఖ్యలు ఏవైనా సరే, చివర 0 ఉన్న అడ్రస్‌లనే ఆపుతుంది. అక్కడ ఏ కెమెరాకీ అలాంటి అడ్రస్ లేదు. కాపలా ఉందని ఓనరుగారు నమ్ముకున్న లైను ఏ పనీ చెయ్యలేదని తెలిసి బాధేసింది.

మిగతా లైన్ల మాస్క్‌లు మార్చడం తేలికే. ఒక్కో సంఖ్యనీ 255లోంచి తీసేస్తే సరి. ఆఫీసు కంప్యూటర్లు 192.168.30.64 నుంచి 127 దాకా ఉన్నాయి, 0.0.0.63 కాస్తా 255.255.255.192 అయింది.

లారీల కాటా దగ్గర మాత్రం ఈ లెక్క కుదరలేదు. అక్కడి మెషీన్లకు సరిసంఖ్య అడ్రస్‌లే ఇచ్చి, 0.0.0.254తో ఒకే లైనులో పట్టుకున్నారు. 254లో చివరి బిట్ ఒక్కటే 0, సరిసంఖ్యలన్నిటికీ ఆ బిట్ 0నే. ఆ పని చేసినవాళ్ల తెలివిని మెచ్చుకోవాలి. కానీ తీసివేస్తే వచ్చేది 255.255.255.1. సబ్‌నెట్ మాస్క్‌లో 1లు ఎడమనుంచి వరసగా ఉండాలి, మధ్యలో 0 రాకూడదు. అందుకని మెషీన్ల అడ్రస్‌లు ఒక్కొక్కటిగా ఆబ్జెక్ట్ గ్రూపులో (ఒకే పేరు కింద పెట్టుకునే అడ్రస్‌ల జాబితాలో) చేర్చాను.

ఫైర్‌వాల్ ఎక్కించగానే కెమెరాల డినై లైనుకి హిట్ కౌంట్ (ఎన్నిసార్లు మ్యాచ్ అయిందో చూపే లెక్క) గబగబా పెరిగింది. కాసేపటికే ఓనరుగారు, "ఫోన్లో కెమెరాలు రావట్లేదేంది?" అని అడిగారు. విషయం చెప్పి, ఆయన ఫోనుకి వీపీఎన్ (బయటి నుంచి ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) పెట్టి, కెమెరాలను లోపలే ఉంచాను.