చేతిలో ఎన్ని రోజుల డబ్బుంది?

చిన్న వ్యాపారం మూతపడే రోజున లెక్కల పుస్తకంలో నష్టమే కనిపించాలనేం లేదు. శనివారం జీతాలివ్వాలి, ఖాతాలో అంత డబ్బు లేదు, రావాల్సిన బాకీలు వచ్చే నెల దాకా రావు. చాలా మూతల వెనక ఉండేది ఇంతే. అందుకే గడ్డుకాలంలో లాభం శాతం సంగతి తర్వాత. రేపటి నుంచి చిల్లిగవ్వ రాకపోతే ఎన్ని రోజులు నెట్టుకురాగలమన్నది ముందు తేలాలి.

అమెరికాలో జేపీమోర్గాన్ చేజ్ బ్యాంకు పరిశోధన విభాగమైన జేపీమోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో దాదాపు 6 లక్షల చిన్న వ్యాపారాల ఖాతాలు పరిశీలించింది. వాటిలో సగం వ్యాపారాల దగ్గర 27 రోజుల ఖర్చులకు సరిపడా నిల్వ కూడా లేదని తేలింది. రెస్టారెంట్ల విషయంలో ఆ సంఖ్య 16. అంటే మామూలు రోజుల్లోనే ఒక నెల అద్దె, జీతాల దూరంలో అంచున నిలబడి ఉన్నారన్నమాట.

మీ సంఖ్య తేల్చుకోవడం కష్టం కాదు. గత మూడు నెలల్లో ఖాతా నుంచి బయటికి వెళ్లిన మొత్తాన్ని 90తో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. ఇవాళ చేతిలో ఉన్న డబ్బును దానితో భాగిస్తే రోజులు వస్తాయి. పొరపాటు జరిగేది "చేతిలో ఉన్న డబ్బు" దగ్గర. కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను మీది కాదు, తీసేయండి. ఇంకా సరుకు ఇవ్వని ఆర్డర్ల అడ్వాన్సులు కూడా తీసేయండి. ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) పరిమితిలో వాడకుండా మిగిలింది అసలు లెక్కలోకే రాదు, ఎందుకంటే గడ్డుకాలంలో బ్యాంకు మొదట కోసేది దాన్నే. ఇవన్నీ తీసేశాక మిగిలే సంఖ్య చాలామందికి నచ్చదు.

ఆ తర్వాతి పని 13 వారాల పట్టిక. 13 ఎందుకంటే అది సరిగ్గా మూడు నెలలు. మూడు నెలలకోసారి వచ్చే చెల్లింపులన్నీ అందులో ఒకసారైనా పడతాయి, అంతకంటే ముందుకు వెళితే ఊహలే ఎక్కువ. నెలవారీ పట్టిక ఈ పనికి పనికిరాదు. నెల మొత్తం మీద వచ్చింది, పోయింది సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ రెండో వారంలో ఖాతా సున్నా కిందికి వెళ్లిన సంగతి అందులో కనపడదు. ప్రతి వారానికీ ఒక నిలువు గడి: పైన ఆరంభ నిల్వ, కింద రాబోయే వసూళ్లు, వాటి కింద చెల్లింపులు, అడుగున ముగింపు నిల్వ. ఈ వారం ముగింపే వచ్చే వారం ఆరంభం. చెల్లింపుల్లో జీతాలు, అద్దె, సరుకు, అప్పు వాయిదాలు, పన్నులు విడివిడిగా రాయాలి. యజమాని ఇంటి ఖర్చులకు తీసుకునేది కూడా రాయాలి. దాన్ని వదిలేసి "లెక్క సరిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది.

వసూళ్ల వరుసలో పేరు పేరునా రాయండి. బిల్లు మీద ఉన్న గడువు కాదు, ఆ మనిషి గతంలో నిజంగా ఎప్పుడు కట్టాడో ఆ వారంలో పెట్టండి. 30 రోజుల గడువున్నా ఎప్పుడూ 50వ రోజున కట్టే కొనుగోలుదారు గడ్డుకాలంలో 30వ రోజున కట్టడు, 70వ రోజుకి జరుగుతాడు. బీమా, లైసెన్సు రుసుము లాంటి ఏడాదికోసారి వచ్చేవాటిని వెతికి పట్టుకోండి. వారం జీతాలిచ్చేచోట ఐదు వారాలుండే నెలను మరిచిపోవద్దు. ప్రతి సోమవారం పోయిన వారం అంచనా పక్కన నిజంగా జరిగింది రాసి, తేడా ఎక్కడొచ్చిందో చూసి, చివరన ఇంకో వారం చేర్చాలి. పట్టిక విలువంతా ఆ తేడాలోనే ఉంది. ఒకసారి తయారుచేసి బ్యాంకుకి చూపించి మూలన పడేస్తే కాగితం దండగ.

అదే పట్టికను అమ్మకాలు 20 శాతం తగ్గితే ఒకసారి, 40 తగ్గితే ఒకసారి వేసి చూడండి. నిల్వ ఏ వారంలో సున్నాకి చేరుతుందో తెలిస్తే, నిర్ణయాలకు ఎంత సమయం ఉందో తెలిసినట్టే.

ఇక సలహాల దగ్గరికి వద్దాం. "సరుకు తగ్గించుకోండి, డబ్బు దాచుకోండి" అని ప్రతి సంక్షోభంలోనూ వినిపిస్తుంది. అది అన్ని సంక్షోభాలకూ వర్తించదు, కొన్నింటిలో ఎదురు తంతుంది. 2008 సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన తర్వాత వచ్చింది అప్పు దొరకని సంక్షోభం. వాయిదాలు సక్రమంగా కట్టేవాళ్లకు కూడా బ్యాంకులు పరిమితులు కోశాయి. 2020లో వచ్చింది అమ్మకాలు రాత్రికి రాత్రి ఆగిపోయిన సంక్షోభం. 2022లో గిరాకీ ఉంది, ధరలే పరుగెత్తాయి. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. గిరాకీ పడిపోతే నిల్వ ఉన్న సరుకును డబ్బుగా మార్చుకోవడమే సరి. ధరలు పెరిగే కాలంలో అలా చేస్తే మునుగుతారు. 70కి కొన్న సరుకును 100కి అమ్మితే పుస్తకంలో 30 మిగులు. ఈలోగా అదే సరుకు కొనుగోలు ధర 95 అయ్యి, అద్దె, జీతాలకు 20 పోతే, చేతిలో ఉన్న 80తో అంత సరుకు మళ్లీ కొనలేరు. లాభం చూపించే పుస్తకం, కుంచించుకుపోయే దుకాణం. కాబట్టి ధరలు పెరిగేటప్పుడు అమ్మకపు ధరను పాత కొనుగోలు ధర మీద కాదు, రేపు కొనబోయే ధర మీద కట్టాలి.

ఒకే అమ్మకాలున్న రెండు వ్యాపారాలు ఒకే దెబ్బకు వేరువేరుగా స్పందిస్తాయి. ఇద్దరికీ అమ్మకం 100, లాభం 10 అనుకుందాం. మొదటివారికి అమ్మకంతో పాటు పెరిగీ తగ్గే ఖర్చు 60, కదలని ఖర్చు 30. రెండోవారికి తిరగబడింది: కదిలేది 30, కదలనిది 60. మొదటివారు 75 అమ్మితే గట్టున పడతారు. రెండోవారు దాదాపు 86 అమ్మాలి. అమ్మకాలు 40 శాతం పడితే మొదటివారి నష్టం 6, రెండోవారిది 18. మంచి రోజుల్లో రెండోవారే ఎక్కువ వెలుగుతారు, అమ్మకం పెరిగే కొద్దీ లాభం దూకుతుంది కాబట్టి. ఇందుకే కదలని ఖర్చును కదిలే ఖర్చుగా మార్చుకునే ప్రయత్నం సంక్షోభానికి ముందే జరగాలి: అద్దెలో కొంత భాగాన్ని అమ్మకంలో శాతంగా కుదుర్చుకోవడం, ఏడాదిలో కొద్ది వారాలే నడిచే యంత్రాన్ని కొనకుండా అద్దెకు తెచ్చుకోవడం, రవాణాను ట్రిప్పు లెక్కన ఇచ్చేయడం. సంక్షోభం వచ్చాక ఇవన్నీ అడిగితే అవతలివాళ్లదీ అదే పరిస్థితి.

గిరాకీ తగ్గగానే అందరి చెయ్యీ డిస్కౌంటు బోర్డు మీదకే పోతుంది. ఆ బోర్డు రాసే ముందు చిన్న గుణకారం చేయాలి. 100 ధరలో 30 మిగులున్న సరుకు మీద 10 శాతం తగ్గిస్తే మిగులు 20 అవుతుంది. మునుపటి మిగులు రావాలంటే 50 శాతం ఎక్కువ సరుకు అమ్మాలి, అదీ జనం కొనడం తగ్గించిన కాలంలో. అదే సరుకు ధర 5 శాతం పెంచితే మిగులు 35. అమ్మకం 14 శాతం దాకా తగ్గినా మొత్తం మిగులు తగ్గదు. ఇది చూసి అందరూ ధరలు పెంచాలని కాదు. డిస్కౌంటు ఇవ్వాల్సింది కదలకుండా పడి ఉన్న సరుకు మీద, దానికి మాత్రం కొన్న ధర కంటే తక్కువైనా వెనకాడక్కర్లేదు. అది ఎంతకు కొన్నామన్నది ఇప్పుడు అప్రస్తుతం, ఎంత డబ్బు తిరిగొస్తుందన్నదే లెక్క. రోజూ అమ్ముడుపోయే సరుకు మీద తగ్గింపు ఇస్తే, ఎలాగూ కొనేవాళ్లకు బహుమానం ఇచ్చినట్టు.

వసూళ్ల పనికి మొహమాటం అడ్డొస్తుంది. బాకీలను వయసు ప్రకారం నాలుగు గంపల్లో వేయండి: 30 రోజుల లోపు, 60 లోపు, 90 లోపు, ఆపైన. చాలామంది నాలుగో గంపలోంచి మొదలుపెట్టి అక్కడే అలిసిపోతారు. డబ్బు త్వరగా వచ్చేది మొదటి రెండింటిలోంచే. గడువుకు ఐదు రోజుల ముందు ఫోన్ చేసి "బిల్లు అందిందా, సరుకులో ఏమైనా తేడా ఉందా" అని అడగండి. గడువు రోజున ఫోన్ చేస్తే "ఆ సరుకులో రెండు పాడయ్యాయి" అనే మాట అప్పుడే పుట్టి మరో రెండు వారాలు తింటుంది. మొత్తం కట్టలేనివారితో వారానికింత చొప్పున ఒప్పుకోవడం మేలు. 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల గడువు అనే పద్ధతి ఉంది. దాన్ని ఇచ్చేముందు ఒక్క సంగతి చూడండి: 20 రోజుల ముందు డబ్బు రావడానికి 2 శాతం వదులుకోవడమంటే ఏడాదికి 37 శాతం వడ్డీ. ఇంకే దారీ లేనప్పుడు వాడే మందు అది. ఒకే కొనుగోలుదారు మీ అమ్మకంలో మూడో వంతు దాటితే, అతని ఇబ్బంది మీ ఇబ్బంది అయినట్టే. అలాంటివారికి అరువు పరిమితి రాతపూర్వకంగా ఉండాలి.

మీరు కట్టాల్సినవాటికి కూడా ఒక వరుస ఉండాలి. జీతాలు, ఆగిపోతే పనే ఆగిపోయే సరుకు, పన్నులు, తాకట్టున్న అప్పు మొదట. జీతాల్లోంచి కోసిన పన్నును కట్టకుండా వ్యాపారం నడపడానికి వాడటం అన్నిటికంటే ప్రమాదం. చాలా దేశాల్లో అది యజమాని సొంత ఆస్తి మీదకు వస్తుంది. మిగిలినవాళ్లకు గడువు దాటకముందే ఫోన్ చేసి తేదీలు చెప్పండి. చెప్పిన తేదీన చిన్న మొత్తమైనా కట్టండి. సరుకు ఇచ్చేవాళ్లు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు, ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఓర్చుకోరు. బ్యాంకు సంగతీ అంతే: వాయిదా తప్పకముందు పట్టిక పట్టుకుని వెళ్లినవారితో మాట్లాడే తీరు వేరు, తప్పాక పిలిపించుకున్నవారితో మాట్లాడే తీరు వేరు.

మనుషుల విషయంలో, గిరాకీ తిరిగొస్తుందన్న నమ్మకం ఉంటే గంటలు తగ్గించడం తీసేయడం కంటే చవక. జర్మనీలో 2009లో ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంచించుకున్నా నిరుద్యోగం పెద్దగా పెరగకపోవడానికి ఒక కారణం కుర్త్సార్‌బైట్ అనే ఏర్పాటు. పని గంటలు తగ్గిస్తారు, కోల్పోయిన జీతంలో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది. పరిస్థితి మెరుగుపడగానే పని తెలిసిన చేతులు అక్కడే ఉన్నాయి. గిరాకీ శాశ్వతంగా పోయిందని తెలిస్తే మాత్రం గంటల కోత నొప్పిని సాగదీయడమే. అప్పుడు ఒకేసారి, సరిపోయేంత కోయాలి. మూడుసార్లు కొద్దికొద్దిగా కోస్తే, మిగిలినవాళ్లలో పని బాగా వచ్చినవారే ముందు వేరే చోటు చూసుకుంటారు.

చాలామంది పట్టించుకోని ఘట్టం సంక్షోభం ముగిసేటప్పుడు వస్తుంది. 2020 వసంతంలో కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఏడాది చివరకు గిరాకీ తిరిగొచ్చేసరికి ఆ ఉత్పత్తి సామర్థ్యాన్ని ఎలక్ట్రానిక్స్ కంపెనీలు తీసుకున్నాయి, కార్లకు చిప్‌లు దొరకలేదు. చిన్న వ్యాపారంలో ఈ ఇబ్బంది సరుకు వచ్చే గడువు రూపంలో కనిపిస్తుంది. రోజుకు 20 వాడుతూ, సరుకు 10 రోజుల్లో వస్తుంటే 200 మిగిలినప్పుడు ఆర్డరు పెడితే చాలు. గడువు 18 రోజులకు సాగితే 360 దగ్గరే పెట్టాలి. వాడకం తగ్గిందని చూసుకుంటూ గడువు పెరిగిందని చూసుకోనివారికి సరిగ్గా గిరాకీ లేచిన వారంలో సరుకు అయిపోతుంది.

డబ్బుకీ ఇదే జరుగుతుంది. సరుకు 45 రోజులు మీ దగ్గర ఉండి, బాకీ 60 రోజులకు వసూలై, మీరు 30 రోజులకు కడుతుంటే, మధ్యలో 75 రోజుల డబ్బు ఇరుక్కుని ఉంటుంది. రోజు ఖర్చు 100 అయితే 7,500. వ్యాపారం 30 శాతం పెరిగితే అది 9,750 అవుతుంది. అదనంగా కావాల్సిన 2,250 అంటే పాత లెక్కలో 22 రోజులకు పైగా ఖర్చు. సంక్షోభాన్ని 20 రోజుల నిల్వతో దాటినవారికి ఇది చాలదు, ఆర్డర్లు నిండుగా ఉండగానే ఖాతా ఖాళీ అవుతుంది. అందుకని తిరిగొచ్చిన మొదటి పెద్ద ఆర్డరును ఒప్పుకునే ముందు దాన్ని 13 వారాల పట్టికలో పెట్టి చూడాలి. ఏ వారంలోనైనా ముగింపు నిల్వ సున్నా కిందికి వెళితే మూడో వంతు అడ్వాన్సు అడగండి. అది కుదరకపోతే సరుకును విడతలుగా ఇచ్చి, ఒక విడత డబ్బు వచ్చాకే తర్వాతిది పంపండి. రెండూ కాదంటే సగం ఆర్డరే తీసుకోండి.