డెంగీ అనుకున్న ప్లేట్‌లెట్లు

గత ఏడాది ఆగస్టులో జ్వరం వచ్చింది. బెంగళూరులో వానాకాలం జ్వరమంటే డెంగీయే అని అందరి లెక్క. ప్లేట్‌లెట్లు 78 వేలు. డెంగీకి చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష నెగెటివ్ వచ్చినా మా మారతహళ్లి వీధి చివరి డాక్టరు "ఒక్కోసారి అంతే" అనేశాడు. కర్నూలు నుంచి అమ్మ ఫోన్ చేసి బొప్పాయి ఆకు రసం తాగమంది, ఓనరు ఆంటీ చెట్టు ఆకులన్నీ కోసిచ్చింది. ఆ చేదు పగవాడికి కూడా వద్దు.

జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, కౌంటు మాత్రం నెల తర్వాత కూడా 81 వేలే. డెంగీలో పడినవి వారం పది రోజుల్లో లేస్తాయి కదా? అనుమానమొచ్చి ఆఫీసు హెల్త్ చెకప్ కాగితాలు వెతికితే, మూడేళ్ల కిందటే 1.12 లక్షలు, పక్కన తక్కువని చెప్పే నక్షత్రం గుర్తు. ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తే బ్రష్షు మార్చాను, అదీ నా తెలివి.

రక్త జబ్బులు చూసే హెమటాలజిస్టు మేడమ్ ముందు ఊదా మూత ట్యూబుతోపాటు నీలం మూత ట్యూబులోనూ రక్తం తీయించారు. కొందరికి ఊదా ట్యూబులోని మందు వల్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని మెషీన్ తక్కువ లెక్కేస్తుందట. నావి నిజంగానే తక్కువ. తెల్లకణాలూ తక్కువే, 3,200. తర్వాత పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. లోపల ఏదో ఆమె వేళ్లకు వచ్చి తగలడం నాకే తెలిసింది.

"ప్లీహం, అదే స్ప్లీన్, పెరిగిందండీ. గొడవ రక్తంలో కాదు, లివర్‌లో ఉన్నట్టుంది."

మందు ముట్టనివాణ్ణి, లివరేంటి? లివర్‌కి పట్టే హెపటైటిస్ సి వైరస్ పాజిటివ్. లివర్ ఎంత గట్టిపడిందో చెప్పే ఫైబ్రోస్కాన్ చూసి సిరోసిస్ అన్నారు, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. 1994లో తొడ ఎముక విరిగి ఆపరేషన్ చేసినప్పుడు రక్తం ఎక్కించారు, అప్పట్లో ఆ రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి కాదు. అదే అయుండొచ్చన్నారు.

లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం దాటలేక వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టేసుకుంటుంది. పైగా వాటిని తయారుచెయ్యమని మూలుగకు చెప్పే హార్మోన్ ఎక్కువగా పుట్టేది లివర్‌లోనే. మా అపార్ట్‌మెంట్ భాషలో, ట్యాంకర్లు తగ్గాయి, వచ్చిన నీళ్లేమో కింది ఫ్లాటువాళ్లు పట్టేసుకుంటున్నారు.

సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్ర, రోజుకొకటి, 12 వారాలు. 2018లో మొదలైన కేంద్ర హెపటైటిస్ కార్యక్రమం కింద ఇవి ఉచితం, నేను తెలియక మొదటి నెలవి కొనుక్కున్నాను. ఆపిన 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ లేదు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది, రసం వల్లేనని ఇప్పటికీ అంటుంది.

మొన్నటి కౌంటు 1.04 లక్షలు. ప్లీహం అంత తొందరగా తగ్గదట. సిరోసిస్ ఉంది కాబట్టి, క్యాన్సర్ భయానికి ఆరు నెలలకోసారి స్కాన్ తప్పదు, పన్ను పీకించుకోవాలన్నా ముందు మేడమ్‌కి చెప్పాలి. నక్షత్రం గుర్తు ఇంకా అక్కడే ఉంది.